మార్గరెట్ అను పేరు – ఐర్లండు దేశపు ముగ్గురు స్త్రీలు

మన పల్నాటి క్రైస్తవ కుటుంబాలలో ఆడపిల్లకు పేరు పెట్టవలసి వచ్చినప్పుడు పెద్దలు ముందుగా బైబిలు తెరుస్తారు. మరియమ్మ, మార్తమ్మ, రూతమ్మ, సారమ్మ, రాహేలమ్మ అను పేర్లు మన సంఘాలన్నిటిలోను వినిపిస్తూనే ఉంటాయి. వీటి సరసన, బైబిలులో ఏ స్త్రీకీ లేని పేరు ఒకటి మన ఇళ్ళలో చాలాకాలముగా నిలిచి ఉన్నది. అదే మార్గరెట్. మన నోట అది మార్గరెట్టమ్మ అయినది, ముద్దుపేరుగా మేగీ అయినది. ఈ పేరు ఎక్కడిది, దీనిని ధరించినవారిలో పేరెన్నిక గన్నవారు ఏమి చేశారు అని తెలుసుకొనుటకు ఈ శతాబ్ది సంచిక తగిన చోటని తలచి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

మార్గరెట్ అను పేరునకు మూలము గ్రీకు భాషలో ముత్యమునకు వాడే మాట. మంచి ముత్యాలు వెదకుచు, అమూల్యమైన దొకటి కనబడగానే తనకు కలిగినదంతా అమ్మి దానిని కొనుక్కున్న వర్తకుని ఉపమానము మత్తయి సువార్త 13వ అధ్యాయములో మనమందరము చదివినదే. గ్రీకు మూలములో అక్కడ ఉన్నది ఈ మాటయే. కాబట్టి ఈ పేరు గల స్త్రీ బైబిలులో లేకపోయినా ఆ మాట మాత్రము ఉన్నది. మన ముత్యాలమ్మ, ముత్యమ్మ అను పేర్లకు ఇది దూరపు చుట్టమని చెప్పవచ్చును. అంతియొకయ పట్టణపు హతసాక్షియైన మార్గరెట్, 1093లో మరణించిన స్కాట్లండు రాణి మార్గరెట్, వీరిద్దరి మూలముగా ఈ పేరు ఐరోపా అంతట వ్యాపించినది. ఐర్లండు ప్రజలు దానిని తమ భాషలో మరేడ్ అని మార్చుకొని తమ సొంత పేరుగా చేసుకున్నారు. ఆ దేశములో మార్గరెట్ లేని వీధి ఉండదన్నంతగా ఆ పేరు అక్కడ వాడుక అయినది.

ఆ చిన్న ద్వీపములో పుట్టిన ముగ్గురు మార్గరెట్‌లను గూర్చి ఇక్కడ చెప్పదలచినాను. ఒకరు కలకత్తాకు వచ్చి అక్కడి ఆడపిల్లలకు చదువు చెప్పినవారు. ఒకరు మన తెలుగు సీమలోని మదనపల్లెలో కాపురముండి, మన దేశ స్త్రీలకు ఓటు హక్కు అడిగినవారు. మూడవవారు మన దేశములో పని చేసినవారు కారు, గాని మన కారంపూడి వారు ఆమె కథను తప్పక వినవలెను. ఎందుకో ఆ కథలోనే తెలియగలదు.

మొదటివారు మార్గరెట్ నోబుల్. 1867 అక్టోబరు 28న ఉత్తర ఐర్లండులోని డంగానన్ పట్టణములో పుట్టారు. తండ్రి శామ్యూల్ నోబుల్ బోధకుడు. తాత కూడా బోధకుడే. బిడ్డ క్షేమముగా పుట్టినచో దేవుని సేవకు అర్పింతునని తల్లి మ్రొక్కుకున్నట్లు ఆమె చరిత్ర వ్రాసినవారు చెప్పుతారు. హన్నా ప్రార్థన మనకు జ్ఞాపకము వస్తుంది. మార్గరెట్‌కు పదేండ్ల వయసులో, చిన్న వయసులోనే తండ్రి మరణించారు. చదువు పూర్తిచేసి ఇంగ్లండులో ఉపాధ్యాయినిగా పనిచేసి, లండను నగరములో తామే ఒక పాఠశాల నడిపారు. 1895లో లండనులో స్వామి వివేకానందుని ఉపన్యాసాలు విన్నారు. 1898 జనవరి 28న కలకత్తాలో ఓడ దిగారు. ఆ మార్చి నెలలో దీక్ష తీసుకొని నివేదిత అను పేరు పొందారు. అర్పింపబడినది అని దాని అర్థము. తల్లి మ్రొక్కుబడి ఆ విధముగా మరొక దేశములో, మరొక మతములో పేరుగా వచ్చి నిలిచినది.

1898 నవంబరులో కలకత్తా బాగ్‌బజారులోని ఒక చిన్న ఇంట్లో ఆమె బాలికల పాఠశాల ప్రారంభించారు. ఆడపిల్ల గడప దాటుటయే తప్పుగా ఎంచే రోజులవి. ఆమె ఇంటింటికీ తిరిగి, తల్లిదండ్రులను బ్రతిమాలి పిల్లలను తెచ్చుకున్నారు. 1899లో ఆ నగరములో ప్లేగు వ్యాపించినప్పుడు చీపురు చేతబట్టి మురికి సందులను ఊడ్చారు. తెల్ల దొరసాని వీధి ఊడ్చుట చూచి సిగ్గుపడి వీధిలోని యువకులు చేయి కలిపారని చెప్పుతారు. 1911 అక్టోబరు 13న డార్జిలింగులో మరణించునాటికి ఆమెకు 44 ఏండ్లు నిండలేదు. ఆమె పెట్టిన పాఠశాల ఆమె తరువాత కూడా నిలిచినది.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పవలెను. బోధకుని బిడ్డయైన ఆమె తాను పుట్టిన సంఘమును విడిచి వెళ్ళారు. అంతే కాదు, మన దేశములో మిషనరీలు అనుసరించిన ధోరణిని ఘాటుగా విమర్శించుచు 1901లో ఒక వ్యాసము కూడా ప్రచురించారు. మిషనరీల కష్టార్జితమైన బడులు, ఆసుపత్రుల నీడలో పెరిగిన మనకు ఆ మాటలు కష్టముగానే ఉంటాయి. అయినను ఈ దేశపు ప్రజలను తక్కువ చేసి మాట్లాడరాదన్న ఆమె ఫిర్యాదులో నిజము ఎంత ఉన్నదో మనము నెమ్మదిగా ఆలోచించుకోవలెను. పొగడినవారి మాట కంటె కోపించినవారి మాట వలన సంఘమునకు ఒక్కొక్కసారి ఎక్కువ మేలు జరుగుతుంది.

రెండవవారు మార్గరెట్ కజిన్స్. పుట్టింటి పేరు గిలెస్పీ. 1878లో ఐర్లండు పశ్చిమ భాగములోని బాయిల్ అను చిన్న పట్టణములో మెథడిస్టు కుటుంబములో, తొలి బిడ్డగా పుట్టారు. ఇంట్లో ఆమెను గ్రెటా అనేవారు. అదియు మార్గరెట్‌కు ముద్దుపేరే. 1902లో డబ్లిను నగరమున సంగీతములో పట్టము పుచ్చుకున్నారు. మరుసటి ఏట జేమ్స్ కజిన్స్ అను కవిని వివాహమాడారు. 1908లో హన్నా షీహీ స్కెఫింగ్టన్ మొదలగువారితో కలసి ఐర్లండు స్త్రీలకు ఓటు కావలెనని ఒక సంఘమును స్థాపించారు. ఆ పోరాటములో 1910లో లండనులోని హాలోవే జైలులోను, 1913లో ఐర్లండులోని టల్లమోర్ జైలులోను శిక్ష అనుభవించారు. టల్లమోరులో నిరాహారదీక్ష కూడా చేశారు.

1915లో ఆ దంపతులు అనీబిసెంటు పిలుపున మద్రాసు వచ్చారు. తరువాతి ఏడు జేమ్స్ కజిన్స్ మదనపల్లెలోని దివ్యజ్ఞాన కళాశాలలో ఉపాధ్యాయుడైనారు. అప్పటి చిత్తూరు జిల్లాలోని ఆ చిన్న ఊరికి మార్గరెట్ కాపురము వచ్చారు. మన పల్నాడు వలెనే ఎండలకు, రాళ్ళకు కొదువలేని సీమ. జైళ్ళు చూచి వచ్చిన ఆ దొరసాని అక్కడి తెలుగు ఇల్లాండ్రను ఒకచోట చేర్చి 'అబలా అభివర్ధినీ సమాజము' అను పేర ఒక మహిళా సమాజమును నడిపారు. ఇటువంటి చిన్న సమాజములను ఒక్కటిగా కలుపవలెనన్న ఆలోచనకు మదనపల్లె అనుభవము తోడ్పడినది. 1917 మే 8న అడయారులో భారతీయ మహిళా సంఘము స్థాపింపబడినది. అనీబిసెంటు అధ్యక్షురాలు, మార్గరెట్ కార్యదర్శులలో ఒకరు.

అదే సంవత్సరము డిసెంబరు 18న మద్రాసులో ఒక సంఘటన జరిగినది. భారత రాజ్యాంగ మార్పులను గూర్చి విచారించుటకు లండను నుండి మాంటేగు దొరగారు వచ్చియున్నారు. స్త్రీల తరపున ఒక ప్రతినిధి వర్గము ఆయనను కలిసినది. దానికి నాయకురాలు సరోజినీ నాయుడు. ఆమె మెట్టినిల్లు తెలుగు ఇల్లు, భర్త డాక్టరు ముత్యాల గోవిందరాజులు నాయుడుగారు. ప్రతినిధి వర్గమును కూర్చుటలోను, విన్నపమును వ్రాయుటలోను మార్గరెట్ పూనిక ముఖ్యమైనది. పురుషులకు ఇచ్చు ఓటు అదే అర్హతలు గల స్త్రీలకును ఇవ్వవలెనని వారడిగారు. అడిగినది వెంటనే దొరకలేదు. 1919 చట్టము ఆ నిర్ణయమును ఆయా రాష్ట్ర శాసనసభలకు విడిచిపెట్టినది. 1921లో మద్రాసు శాసనసభ స్త్రీల ఓటును అంగీకరించి, తక్కిన రాష్ట్రములకు దారి చూపినది.

ఆ రోజులలో మన పల్నాడు తాలూకా మద్రాసు రాష్ట్రములోని గుంటూరు జిల్లాకు చెందినది. కనుక ఆ తీర్మానము మన ఊళ్ళకును వర్తించినది. అయితే ఆస్తి, పన్ను ఉన్నవారికే ఓటు అను నిబంధన ఉండుటచేత కొద్దిమంది స్త్రీలకు మాత్రమే ఆ హక్కు దక్కినది. కూలినాలి చేసుకొనే మన సంఘపు తల్లులకు అది అందలేదు. వారికి ఓటు రావడానికి 1950 నాటి రాజ్యాంగము, 1951–52 నాటి తొలి సార్వత్రిక ఎన్నికలు రావలసి వచ్చినవి. ఈనాడు కారంపూడి పోలింగు కేంద్రము ముందు వరుసలో నిలుచున్న ముసలమ్మ ఆ మదనపల్లె దొరసాని పేరు విని ఉండదు. విననంత మాత్రమున ఆమె చేసిన మేలు తగ్గిపోదు.

మార్గరెట్ కజిన్స్ పేరు మరియొక విషయములో మన దేశచరిత్రకు ముడిపడి ఉన్నది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాగూరు విశ్రాంతికై మదనపల్లె వచ్చారు. ఒక సాయంకాలము విద్యార్థుల మధ్య జనగణమన పాడి వినిపించారు. ఆ పాట 1911 డిసెంబరులో కలకత్తా కాంగ్రెసు సభలో మొదటిసారి పాడబడినదే అయినా, దాని బాణీకి పాశ్చాత్య పద్ధతిలో స్వరలిపి వ్రాసినది మదనపల్లెలోనే. ఠాగూరు దగ్గర కూర్చుని విని వ్రాసినవారు సంగీతము చదివిన మార్గరెట్. ఆ రోజులలోనే ఠాగూరు దానికి ఆంగ్లానువాదము కూడా అక్కడే చేశారు. 1950 జనవరి 24న ఆ పాట జాతీయగీతమైనది. బడిలో పిల్లలు నిలువుగా నిలబడి పాడే పాట వెనుక ఒక ఐర్లండు స్త్రీ చేతివ్రాత ఉన్నదని మన ఉపాధ్యాయులు వారికి చెప్పితే బాగుంటుంది.

ఆ తరువాత కూడా ఆమె ఊరకుండలేదు. మద్రాసులో గౌరవ మేజిస్ట్రేటుగా పనిచేశారు. మన దేశములో తొలి స్త్రీ మేజిస్ట్రేటు ఆమేనని చెప్పుతారు. 1927 జనవరిలో పూనాలో మొదటిసారి కూడిన అఖిల భారత మహిళా సభకు పిలుపునిచ్చినది ఆమెయే. బాలికల చదువును గూర్చి చర్చించుటకు మొదలైన ఆ సభ, తరువాత బాల్య వివాహాల నిషేధము వంటి విషయాలను కూడా చేపట్టినది. 1932 చివర, ప్రభుత్వపు అత్యవసర శాసనాలను ఖండించుచు మద్రాసులో బహిరంగముగా మాట్లాడినందుకు ఆమెను వేలూరు జైలులో పెట్టారు. ఐర్లండులో, ఇంగ్లండులో, ఇండియాలో మూడు చోట్లను జైలుకు వెళ్ళిన స్త్రీ ఆమె. చివరి ఏండ్లలో పక్షవాతముతో మంచము పట్టి, 1954 మార్చి 11న కన్ను మూశారు. ఆమెయు దివ్యజ్ఞాన సమాజములో చేరి, పుట్టిన మెథడిస్టు సంఘమునకు దూరమైనవారే. అయినను, మరియు మగదలేనే మరియ పునరుత్థాన వార్తను ముందుగా మోసిన సంగతి నమ్మే మనము, స్త్రీ మాటకు విలువ ఉండవలెనన్న ఆమె పట్టుదలను పరాయిదిగా ఎంచనక్కరలేదు.

ఇక మూడవవారు మరేడ్ కొరిగన్. 1944 జనవరి 27న ఉత్తర ఐర్లండులోని బెల్‌ఫాస్ట్ నగరములో, కతోలిక కుటుంబములో పుట్టారు. ఆమె పేరు మార్గరెట్‌కు ఐరిష్ రూపమని పైన చెప్పినాను. చదువు పెద్దగా సాగలేదు. ఒక కంపెనీలో గుమాస్తా పని చేసుకొనుచు, మరియ సేనలో చేరి పేద పేటలలో సేవ చేసేవారు. ఆమె పేరు లోకమునకు తెలిసినది ఒక ఘోరము వలన.

1968 మొదలు ఉత్తర ఐర్లండులో కతోలికులకు, ప్రొటెస్టంట్లకు మధ్య రక్తపాతము సాగుచున్నది. ఇరుపక్షాల వారును క్రీస్తు పేరు పెట్టుకున్నవారే అనుట గమనింపదగినది. 1976 ఆగస్టు 10న బెల్‌ఫాస్ట్‌లో ఒక సాయుధుడు నడుపుచున్న కారుపై సైనికులు కాల్పులు జరిపారు. నడిపేవాడు మరణించగా, కారు అదుపు తప్పి కాలిబాటపై నడచిపోవు ఒక తల్లిని, ఆమె పిల్లలను ఢీకొన్నది. ముగ్గురు పిల్లలు చనిపోయారు. పెద్దపిల్లకు ఎనిమిదేండ్లు, నడిమివానికి రెండు, చంటివానికి ఆరు వారాలు. ఆ తల్లి మరేడ్‌కు తోబుట్టువు, పేరు ఆన్ మగ్వైర్.

పగ తీర్చుకొనుటకు కారణము కావలెనంటే ఇంతకంటె ఏమి కావలెను? మరేడ్ ఆ దారి పట్టలేదు. ప్రమాదమును కన్నులార చూచిన బెటీ విలియమ్స్ అను ఇల్లాలు ఇల్లిల్లూ తిరిగి శాంతికై సంతకాలు సేకరించసాగారు. మరేడ్ ఆమెతో చేయి కలిపారు. కియరన్ మెక్యూన్ అను పత్రికా రచయిత తోడైనారు. ఆ విధముగా శాంతి ప్రజల ఉద్యమము పుట్టినది. వారాల తరబడి వేలాదిమంది, ముఖ్యముగా తల్లులు, వీధులలో నడిచారు. కతోలిక స్త్రీలు ప్రొటెస్టంట్ పేటలోనికి నడచి వెళ్ళగా అక్కడి స్త్రీలు ఎదురు వచ్చి కౌగిలించుకున్నారు. అంతకుముందు ఆ వీధిలో కాలు పెట్టుటకే వారు జంకేవారు. 1976 సంవత్సరపు నోబెల్ శాంతి బహుమానము మరేడ్‌కు, బెటీకి లభించినది. మరేడ్ వయసు అప్పటికి 33 ఏండ్లు మాత్రమే.

బహుమానముతో కథ సుఖాంతము కాలేదు. పిల్లలను పోగొట్టుకున్న ఆన్ ఆ దుఃఖమునుండి తేరుకోలేక 1980 జనవరిలో ప్రాణము తీసుకున్నారు. 1981లో మరేడ్ ఆమె భర్తను వివాహమాడి, తోబుట్టువు పిల్లలకు తల్లియైనారు. నగరములో కాల్పులును వెంటనే ఆగలేదు. 1998 ఏప్రిల్ 10న శుభ శుక్రవారము నాడు ఒప్పందము కుదురునాటికి మూడున్నర వేలమంది పైగా ప్రాణాలు పోయినవి. 1976లో నడిచిన తల్లులు 22 ఏండ్లు ఎదురు చూడవలసి వచ్చినది. అయినను మొదట నడిచినది వారే.

ఇప్పుడు కారంపూడి వారు ఈ కథ ఎందుకు వినవలెనో వేరుగా చెప్పనక్కరలేదు. ఒకే తండ్రి బిడ్డలు గురజాల వైపు కొందరు, మాచర్ల వైపు కొందరు చేరి, 12వ శతాబ్దిలో మన నాగులేటి ఒడ్డున కత్తులు దూసుకున్నారు. ఆ యుద్ధములో పడినవారికి ఈనాటికీ ప్రతి కార్తీకములో మన ఊళ్ళో వీరారాధన జరుగుచున్నది. ఆ చరిత్రలో బ్రహ్మనాయుని చాపకూడును గూర్చి మనము గర్వముగా చెప్పుకుంటాము. నాయకురాలు నాగమ్మ రాజ్యము నడిపిన తీరును గూర్చి వాదించుకుంటాము. గాని ఆ రణరంగములో కొడుకులను పోగొట్టుకున్న తల్లులు ఎందరో ఎవరమును లెక్కించము. తరువాతి కాలములోను పల్నాటి పల్లెలు కక్షలకు కొత్త కాదు. పార్టీ పేర కొట్లాట, గట్టు పేర కొట్లాట. ఇంటి మగవాడు జైలుకో శ్మశానమునకో పోతే, కోర్టు వాయిదాల ఖర్చు, పిల్లల చదువు, ఎదుటి వీధిలో నీళ్ళకు వెళ్ళుటకు భయము, అన్నీ ఆడవారి మీదనే పడినవి. మన సంఘ సభ్యులు కూడా ఇరుపక్షాలలో ఉండి, ఆదివారము ఒకే బల్ల వద్దకు రాలేక దూరముగా కూర్చున్న సందర్భాలు పెద్దలకు తెలియనివి కావు. బెల్‌ఫాస్ట్‌లో ఒక వీధి స్త్రీలు రెండవ వీధిలోనికి నడిచినట్లు మన పల్లెలలోను నడువగలిగినవారు ఉన్నారు. వారికి తోడుగా సంఘము నడుచునా అన్నదే ప్రశ్న.

ఈ ముగ్గురి జీవితాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. పేరు ఒకటే గాని దారులు వేరు. ఒకరు ఆ పేరును విడిచి నివేదిత అయినారు. ఇప్పుడు తెలుగు ఇళ్ళలో ఎందరో ఆడపిల్లలకు నివేదిత అని పేరు పెట్టుచున్నారు, ఆ పేరు వెనుక ఒక మార్గరెట్ ఉన్నదని తెలిసినవారు కొద్దిమందే. ఒకరి పేరు ఆమె కాపురమున్న తెలుగు సీమలోనే మరుగున పడినది. ఒకరు ఆ పేరును తమ భాషలో పలికి లోకమంతటా వినిపించారు. ముత్యము అను అర్థము ముగ్గురిలో ఎవరికీ ఊరకే సరిపోలేదు. ఆల్చిప్పలో ముత్యము గాయమునుండి పుట్టుతుందంటారు. వీధి ఊడ్చుట, జైలుకు పోవుట, చనిపోయిన పిల్లల పేర శత్రువుల వీధిలోనికి నడుచుట, వీటి వలన ఆ పేరునకు విలువ కలిగినది.

చివరగా మన సంగతి. నూరేండ్ల సంచికలలో సాధారణముగా బిషప్పుల, గురువుల, ఉపదేశుల, సంఘ పెద్దల పేర్లు వరుసగా ఉంటాయి. ఉండవలసినవే. గాని తొలి రోజులలో గ్రామగ్రామము నడిచి చదువు, సువార్త చెప్పిన బైబిలు స్త్రీల పేర్లు పాత నివేదికలలో ఇంటిపేరు లేకుండ, ఊరు లేకుండ కనిపిస్తాయి. పెక్కుమంది తల్లులు ఫలానావారి భార్య, ఫలానావారి తల్లి అన్న మాటతోనే మిగిలారు. దేవాలయము కట్టునప్పుడు రాళ్ళు మోసినవారు, కాన్పులు చేసినవారు, కక్షల రోజులలో రెండు పక్షాల పిల్లలకు ఒకే అరుగుమీద అక్షరాలు దిద్దించినవారు వీరిలో ఉన్నారు.

కాబట్టి ప్రతి సంఘములోను యౌవనస్థులు ఈ సంవత్సరము ఒక పని చేయవలెనని మనవి. ఒక నోటు పుస్తకము తీసుకొని, ఎనభై ఏండ్లు దాటిన పెద్దల దగ్గర కూర్చుని, తమకు జ్ఞాపకమున్న స్త్రీల పేర్లు, ఇంటిపేర్లు, ఊళ్ళు, వారు చేసిన పని వ్రాసి ఉంచవలెను. ఆ పెద్దలు ఉన్నంతవరకే ఆ పని జరుగుతుంది. ఆ జాబితాలో మార్గరెట్టమ్మలు ఎందరు ఉంటారో, మరియమ్మలు, ముత్యమ్మలు ఎందరు ఉంటారో అప్పుడు తెలుస్తుంది. ఇకముందు మన ఇళ్ళలో ఒక బిడ్డకు ఆ పేరు పెట్టినప్పుడు, దూరదేశపు ముగ్గురితో పాటు మన ఊరి మార్గరెట్టమ్మ కథను కూడ ఆ బిడ్డకు చెప్పగలుగుతాము.